పొద్దుగూకేదాకా నీళ్లొద్దు

మార్చి 6, 1966. ఆదివారం. కోస్గి

గంజి కేంద్రం కమిటీ మీటింగు. పొద్దంతా వాగి చివరికి తేల్చిందేమిటంటే కప్పతల్లిని ఆడించాలట. ఊళ్లకు ఊళ్లు ఆకులు ఉడకేసుకుని తింటుంటే, ఒక కప్పను రోకలికి కట్టి దాని నెత్తిన బిందెలు కుమ్మరిస్తే వాన పడుతుందట! బావుల్లో మిగిలిన నాలుగు చుక్కలూ కప్ప పాలు. లేచి అడిగాను: "కప్ప ఏ దఫ్తరుల నౌకరు? దానికి దరఖాస్తు పెడితే ఎప్పటికి మంజూరైతది?" అందరూ నవ్వారు. నవ్వి మళ్లీ కప్ప దగ్గరికే వచ్చారు.

నేను నోరు మూసుకోలేను. బడిపంతులు నౌకరీ ఊడింది అందుకే. నా పక్షపత్రిక అచ్చేసే ప్రెస్సువాడు మొహం చాటేస్తున్నది అందుకే. పార్టీ చీలితే రెండు ముక్కలూ నన్ను "మనోడు కాదు" అన్నది కూడా అందుకే. ఈ డైరీ ఒక్కటే ఎదురు చెప్పదు.

గాదెలో జొన్నలు అడుగంటాయి. అంటే గింజే లేదా ఈ భూమి మీద? ఉంది. తూర్పున, కాలువ పనులు నడుస్తున్న వైపు, నల్లగొండ దిగువన ఇంకా గింజ ఉంది. దారిలో కూడా తినేవాడి ఇంట్లో దోసెడు ఉంటుంది. అడిగేవాడు పోవాలి. నేను ప్రతిపాదించాను: ఒక మనిషి, ఒక సైకిలు. కోస్గి నుంచి మేళ్లచెరువు దాకా, రెండు జిల్లాలకు అడ్డంగా. వెనక ఒక లారీ. ఊరూరా ఆగి ఇంటికి దోసెడు గింజలు. మే ఒకటిన మేళ్లచెరువు సున్నపు బట్టీల కార్మికుల సభకు చేరాలి. ఇది మొక్కు కాదు, ముడుపు కాదు, జాతర కాదు. మనిషి కాళ్ల కష్టం చూసి మనిషి ఇవ్వాలి. అంతే.

ఒప్పుకున్నారు. కప్ప ఓడిపోయింది.

మార్చి 9

మనిషి దొరికాడు. కురుమల బీరన్న. గొర్రెలు సగం మేత లేక చచ్చాయి, సగం కటికవాళ్లకు పోయాయి. ఇప్పుడు గొంగళ్ల మూట క్యారేజీకి కట్టుకుని సంత సంతకూ సైకిలు తొక్కుతున్నాడు. పిక్కలు చూస్తే రోకలి బండలే.

"మేళ్లచెరువు ఎటు దిక్కు పంతులూ?"

"తూర్పు దిక్కు. నల్లగొండ దాటినంక."

"గింతేనా? పొద్దు మొఖాన పోతే అదే అస్తది."

వాడి తల్లి గోపమ్మ గడపలో కూర్చుని అంతా వింటోంది. భర్త లేడు, వీడొక్కడే. అడగాల్సింది ఆమే అడిగింది: "దెచ్చిన గింజలు మాకేనా, కమిటోళ్లు పంచుకుంటరా?"

"మీకే."

"గట్లయితే పోనీ."

బయటికి వచ్చాక బీరన్న మెల్లగా అన్నాడు: "మా అమ్మ గిన్నె పట్టుకొని మీ లైన్ల నిలబడ్తది. నేను అటు దిక్కు సూడ. ఆ గిన్నె ఖాళీగ రావద్దు పంతులూ. నాకు గంతే."

ఇదీ చైతన్యం అంటే. ఏ పార్టీ తరగతిలోనూ చెప్పించుకోలేదు వీడు.

మార్చి 14

శిక్షణ మొదలుపెట్టాం. పల్టన్‌లో పనిచేసి వచ్చిన ఒకాయన వదిలిపోయిన ఇంగ్లీషు వ్యాయామ పుస్తకం నా దగ్గర ఉంది. అట్ట చినిగిపోయింది. అయితేనేం, లోపల ఉన్నది విజ్ఞానం.

బీరన్న సైకిలును ఎడ్లబండిలా తోలుతున్నాడు. సీటు కిందికి ఉండి మోకాళ్లు పొట్టకు తగులుతున్నాయి. పైకెత్తించాను, పెడలు అడుగుకు పోతే కాలు ఇంచుమించు చాపుకోవాలి. అరికాలి నడుమతో కాదు, వేళ్ల మొదళ్లతో తొక్కాలి. ఎదురుగాలికి నడుం వంచాలి. ఎత్తు వచ్చిందని లేచి నిలబడి తొక్కి ఆయాసపడొద్దు, కూర్చునే నిదానంగా ఎక్కాలి. కల్లు బందు, బీడీ బందు. ఊళ్లో దిగి చతికిలబడితే పిక్కలు పట్టేస్తాయి కాబట్టి జనం గింజలు పోసేదాకా నడివాడలో గుండ్రంగా తిరుగుతూనే ఉండాలి. కాలు నేలకు ఆనించొద్దు.

అన్నిటికంటే ముఖ్యం నీళ్లు. శ్రమలో ఉన్న శరీరానికి నీళ్లు విషం అంటుంది పుస్తకం. కడుపు బరువెక్కుతుంది, చెమట ఎక్కువై సత్తువ కారిపోతుంది, గుండె మీద భారం పడుతుంది. నోరు పుక్కిలించి ఉమ్మేయాలి. తాగడం పొద్దుగూకిన తర్వాతే.

బీరన్న తల గోక్కున్నాడు. "గొర్లను గూడ పగటీలి వాగు కాడికి తోల్తం గద పంతులూ."

"నువ్వు గొర్రెవా?"

"గొర్రెనైతే నన్ను సైకిలెక్కిస్తుంటివా?"

వీడు నవ్వితే నాకు కోపం రాదు. అయినా వచ్చినట్టు మాట్లాడాను.

మార్చి 15

దూప అనేది అలవాటు మాత్రమే. తాగుబోతుకు కల్లు ఎట్లాగో, మామూలు మనిషికి మధ్యాహ్నపు నీళ్లు అట్లాగే.

మార్చి 27, ఆదివారం

ఈ రోజు పాలమూరు దాకా పోయి తిరిగి రమ్మన్నాను. వచ్చాడు. బాగానే తొక్కాడు. కానీ మెడలో తువ్వాల తడిగా ఉంది.

"నీళ్లు తాగినవా?"

"లే పంతులూ."

"తువ్వాలెందుకు తడిసింది?"

"చెమట."

"చెమటకు నాచు వాసనస్తదా?"

దొరికిపోయి పళ్లికిలించాడు. దారిలో మోటబావి కనబడితే ఆగలేకపోయాడట. రెండు వారాలు చెప్పిన చదువు ఒక మోటబావి దగ్గర కొట్టుకుపోయింది! నిప్పు తొక్కిన కోతినయ్యాను. శాస్త్రం చెప్పాను, పుస్తకం చూపించాను, కార్మికవర్గ క్రమశిక్షణ గురించి చెప్పాను. గొర్రెలకాపరి మొహం పెట్టుకుని విన్నాడు. ఆఖరికి అన్నాను:

"మీ అమ్మ మీద ఒట్టెయ్యి. సైకిలు మీదున్నంత సేపు, పొద్దుగూకేదాకా, నీళ్లు ముట్టనని."

వాడి మొహంలో రంగు మారింది. అంతసేపటి పుస్తకం చేయలేని పని ఒక్క మాట చేసింది. గోపమ్మ అప్పుడు గంజి లైన్లో ఉంది. ఆమె ఉన్న దిక్కుకు తిరిగి, తల మీద చెయ్యి పెట్టినట్టే గాలిలో చెయ్యి పెట్టి ఒట్టేశాడు.

"అమ్మకు చెప్పకు పంతులూ. ఇంటె బుగులు పడ్తది." మళ్లీ: "మేళ్లచెరువు చేరినంక ఒట్టు గట్టు మీద పెడ్తవు గద? పెట్టిచ్చినోడే తియ్యాలె. లేకుంటే పోదు."

"పెడ్తలే."

నేను ఒట్లను నమ్మను. వాడు నమ్ముతాడు. ముల్లును ముల్లుతోనే తీయాలి.

మార్చి 28

భద్రమ్మకు చెప్పి ఉండాల్సింది కాదు. నా భార్య ఇరవై ఏళ్లుగా నా ఉపన్యాసాలు వినీ వినీ, నాకంటే బాగా వాదించడం నేర్చుకుంది.

"దేవుడు లేడంటివి. దయ్యం లేదంటివి. మరి ఒట్టు యాడికెల్లి దెచ్చినవు?"

"అది ఒట్టు కాదు. పద్ధతి."

"నీ పద్ధతికి గోపమ్మ నెత్తే దొరికిందా? మీ అమ్మ మీద నువ్వేసుకోరాదు?"

"మా అమ్మ పోయి ఏండ్లయె."

"గందుకే నీకు బుగులు లేదు."

దీనికి సమాధానం చెప్పాను. గట్టిగానే చెప్పాను. ఏం చెప్పానో ఇప్పుడు గుర్తు రావడం లేదు.

ఏప్రిల్ 12

బీరన్న మాట నిలబెట్టుకుంటున్నాడు. మనిషి చిక్కాడు, పిక్కలు ఇంకా గట్టిపడ్డాయి. పుస్తకం నిజమే చెప్పింది.

ఏప్రిల్ 26

రేపే. నూనె మిల్లు సేటు లారీ ఇచ్చాడు, పుణ్యం కోసం ఇచ్చాడు, అది వాడి ఖర్మ. డ్రైవరు ఫక్రుద్దీన్. నా ఈడువాడే. రాగానే నా నియమాలు విని ఇంజను మీది రేకు ఎత్తి చూపించాడు.

"పంతులుసాబ్, గీ ఇనుప ముక్కకు గూడ పొద్దుగాల, పగటీలి, మాపటీలి నీళ్లు పోస్త. లేకుంటే కాలిపోతది. మీ పిలగాడు ఇనుముకంటె గట్టోడా?"

"ఇంజనుకు సంకల్పం ఉండదు."

"సంకల్పమంటే ఏంది, ఆయిలా?"

గోపమ్మ వచ్చి కొడుకు నడుముకు ఉల్లిగడ్డ కట్టింది. వడదెబ్బ తగలకుండానట. నేను ఊడదీసి ఆమె చేతిలో పెట్టాను. "ఇది కూరల ఎయ్యి గోపమ్మా, ఎవరి కడుపన్న నిండుతది." ఆమె ఉల్లిగడ్డను కొంగుకు ముడేసుకుంది.

ఏప్రిల్ 27. జడ్చర్ల

మొదటి రోజు దండగ. ప్రతి ఊళ్లో ఉపన్యాసం ఇచ్చాను. కరువుకు కారణం మేఘాలు కాదు, గోదాములకు వేసిన తాళాలు అని వివరించాను. విన్నారు. తలలూపారు. దోసెడు ఇచ్చినవాడు ఒకడైతే, "మాకే లేవు పంతులూ" అన్నవాళ్లు ఊరంతా. లారీ అడుగు కూడా కనబడుతూనే ఉంది.

బీరన్న బాగా తొక్కాడు. పొద్దుగూకగానే బకెట్టు ముందర కూర్చుని, ఆవులా తాగాడు.

ఏప్రిల్ 28. కల్వకుర్తి దాటి

ఈ రోజు జరిగింది రాయాలి. సరిగా రాయాలి.

ఒక చిన్న ఊరు. పేరు అడగలేదు. బీరన్న నడివాడలో గుండ్రంగా తిరుగుతున్నాడు, నేను లారీ మీదెక్కి మాట్లాడుతున్నాను, ఎవరూ వినడం లేదు. ఒక ముసలమ్మ బిందెతో ఎదురొచ్చింది.

"ఆగు కొడుకా. నోరెండిపాయె. బుక్కెడు తాగి పో."

"పొద్దుగూకేదాకా ముట్టనవ్వా."

"కాలన్న కింద పెట్టు."

"కాలు గూడ పెట్ట."

ఆమె వాడిని కింది నుంచి మీదికి చూసింది. "ఒక్కపొద్దున్నవా బిడ్డా?"

బీరన్న నా దిక్కు చూశాడు. నేను చెప్పాలి కదా? ఇది ఉపవాసం కాదు, ఆరోగ్యశాస్త్రం అని. చెప్పబోయాను. అంతలో ఆమె బిందె ఎత్తి, తిరుగుతున్న వాడి కాళ్ల మీద కుమ్మరించింది. పీర్లను ఎత్తుకుని వచ్చేవాళ్ల కాళ్ల మీద పోస్తారే, అట్లా. కరువులో, ఎక్కడి నుంచి మోసుకొచ్చిన బిందెనో! "ఒక్కపొద్దుండి మన కడుపుల కోసం తిరుగుతుండు" అని ఎవరో అరిచారు. ఇళ్లలోంచి ఆడవాళ్లు బయటికి వచ్చారు. ఒక చేత బిందె, ఒక చేత చాట. నీళ్లు కాళ్ల మీదికి, గింజలు లారీలోకి. లేవన్న ఇళ్లలోంచే జొన్నలు వచ్చాయి, కొర్రలు వచ్చాయి, రేపటికని దాచుకున్న కందులు వచ్చాయి.

నేను నోరు తెరిచే ఉంచాను. మాట రాలేదు అని కాదు. మాట్లాడలేదు.

ఎందుకు? రాసిపెట్టుకోవాలి. ప్రజలు తమ స్థాయిలోనే చరిత్రలోకి వస్తారు. వాళ్ల మూఢత్వాన్ని ముందు వాడుకుని, కడుపు నిండాక తర్వాత పోగొట్టాలి. ఆకలితో ఉన్నవాడికి తర్కం చెప్పేవాడు కూడా ఒక రకం పూజారే. బాగా ఉంది ఈ వాక్యం. పత్రికలో వాడాలి.

ఏప్రిల్ 29. దేవరకొండ

కబురు మాకంటే ముందే పోతోంది. ఊరి పొలిమేరలోనే బిందెలతో నిలబడుతున్నారు. బీరన్న కాళ్లు పొద్దంతా తడిగా ఉంటాయి, పెదవులు పగిలి నెత్తురు చుక్కలు.

దేవరకొండలో పీర్ల కొట్టం ముందర షర్బత్ పంచుతున్నారు. ఎల్లుండో ఆ మర్నాడో పీర్ల పండుగ. గులాబ్‌బీ అనే పెద్దావిడ గ్లాసు తీసుకుని వాడి వెంట రెండు చుట్లు తిరిగింది. బీరన్న ఆ గ్లాసు నుంచి కళ్లు తిప్పలేకపోయాడు. గ్లాసు వెంటే మెడ తిప్పుతూ ఒకచోట పడబోయాడు కూడా. తల అడ్డంగా ఊపాడు.

"రోజా ఉన్నవా బేటా?" అని ఆమె గ్లాసు వెనక్కి తీసుకుంది. ఒక్కపొద్దు చెడగొట్టిన పాపం తనకెందుకని. ఇప్పుడిక వాడు అడిగినా ఎవరూ ఇవ్వరు.

తర్వాత ఫక్రుద్దీన్ స్టీరింగు మీద చేతులు పెట్టుకుని, లారీ స్టార్టు చేయకుండా కూర్చున్నాడు.

"పంతులుసాబ్. కర్బలాల ఇమామ్‌సాబుకు నీళ్లియ్యనోళ్లు దుష్మన్లు. మనమెవలం?"

"ఏడుపు కథలు నా దగ్గర వద్దు. లారీ సగం నిండింది చూడు."

"నిండింది," అన్నాడు.

ఏప్రిల్ 30. నల్లగొండ

ఈపాటికి మిర్యాలగూడలో ఉండాలి. ఊళ్లు ఆపేస్తున్నాయి, నీళ్లు పోయకుండా కదలనివ్వడం లేదు. రేపు చాలా దూరం తొక్కాలి.

బీరన్నకు చెమట పట్టడం ఆగిపోయింది. చర్మం పొడిగా, వేడిగా ఉంది. శరీరం శిక్షణకు లొంగిన గుర్తు అయి ఉండాలి. పుస్తకంలో ఈ సంగతి ఉందో లేదో, ఇంటికి పోయి చూడాలి. పొద్దుగూకాక తాగిన నీళ్లు కక్కుకున్నాడు. ఒకసారి నన్ను "నాయినా" అన్నాడు. వాడి తండ్రి పోయి చాలా ఏళ్లు.

"రేపొక దినం ఆగుదాం సాబ్," అన్నాడు ఫక్రుద్దీన్. "సభ యాడికి పోతది?"

"మే డే ఎల్లుండి రాదు."

"ఓహో. మీకు గూడ ముహూర్తమున్నదన్నట్టు."

ఈ మనిషిని ఎవరు డ్రైవరుగా పెట్టారో!

మే 1

గింజలు లారీ నిండా ఉన్నాయి.

మే 4. కోస్గి

రాయకపోతే జనం చెప్పుకునేదే మిగులుతుంది. జరిగింది జరిగినట్టు రాస్తాను.

హుజూర్‌నగర్ దాటాక నేలంతా సున్నపురాయి. తెల్లగా, కళ్లు తెరవలేనంత. కింది నుంచి కూడా ఎండే. బీరన్న లారీ పక్కకు వచ్చి కిటికీ పట్టుకున్నాడు. అట్లా పట్టుకుని తొక్కొద్దని ఎన్నిసార్లో చెప్పాను.

"పంతులూ, ఒట్టు గట్టు మీద పెట్టు."

"ఏంది?"

"జర ఒట్టు గట్టు మీద పెట్టు. ఒక్క బుక్కెడు."

ఫక్రుద్దీన్ లారీ నెమ్మది చేశాడు. కాళ్ల దగ్గర ఇంజనుకు పోసే నీళ్ల డబ్బా ఉంది. నేను అన్నాను: "అగో, పొగ కనబడుతలేదా? గదే మేళ్లచెరువు. సభల తాగుదువు."

"మంచిది పంతులూ."

చెయ్యి వదిలేశాడు. ఇది నిజం. నేను తోయలేదు, వాడే వదిలేశాడు.

ఎందుకు అనలేదు అని భద్రమ్మ అడుగుతోంది. ఆలోచిస్తే సమాధానం స్పష్టంగానే ఉంది. "ఒట్టు గట్టు మీద పెట్టాను" అంటే ఒట్టు ఉన్నట్టు నేను ఒప్పుకున్నట్టే కదా. నమ్మని మాటను నోటితో ఎట్లా అంటాను? జీవితమంతా దేనికి వ్యతిరేకంగా రాశానో, దాన్ని ఒక ఎండలో, ఒక రోడ్డు మీద, ఎట్లా అంటాను? సూత్రం అంటే ఎండలో కూడా సూత్రమే. ఇది చెప్పాను ఆమెకు. ఆమె లేచి బయటికి పోయింది.

ఆ పొగ మేళ్లచెరువు కాదు. దారిలో ఎక్కడో ఒక బట్టీ. మేళ్లచెరువు ఇంకా దూరం ఉంది.

కొంత దూరం పోయాక బీరన్న నోటితో గొర్రెల్ని అదిలించే కూతలు పెట్టాడు. రోడ్డు మీద ఏమీ లేదు. తర్వాత సైకిలు రోడ్డు దిగి, సున్నపు నేల మీద తిన్నగా పోయింది, చాలా తిన్నగా, ఎవరో పిలిచినట్టు. అక్కడ పడ్డాడు.

ఫక్రుద్దీన్ డబ్బా తెచ్చి నోట్లో పోశాడు. వాడు నోరు తెరవలేదు. పళ్లు బిగబట్టి ఉన్నాడు. నీళ్లు చెంపల మీంచి నేలలోకి పోయాయి. సున్నపునేల బుస్సుమంది. మూర్ఛలో దవడలు బిగుసుకుంటాయి. హుజూర్‌నగర్ దవాఖానాలో డాక్టరు కూడా అదే అన్నాడు. అది శరీర ధర్మం. ఒట్టుతో సంబంధం లేదు. ఒట్టుతో సంబంధం లేదు.

ఆ డాక్టరు ఇంకో మాట కూడా అన్నాడు: "మనిషి ఎండిపోయిండు. నీళ్లెందుకు తాగనియ్యలేదు?" ఎన్ని వ్యాయామ గ్రంథాలు చదివాడో ఆయన! అడుగుదామనుకున్నాను.

సభ ఆగలేదు. నేను మాట్లాడాను. చప్పట్లు కొట్టారట.

వాడిని బస్తాల మీదే పడుకోబెట్టి తెచ్చాం. వేరే జాగా లేదు. పండుగ రోజు కదా, దారి పొడుగునా ఊళ్లన్నీ బయటే ఉన్నాయి. లారీ చక్రాల మీద బిందెలు కుమ్మరించారు. దేవరకొండలో గులాబ్‌బీ అదే గ్లాసుతో నిలబడి ఉంది. "బిడ్డ రోజా ఇడిసిండా?" అని అడిగింది. ఫక్రుద్దీన్ తల దించుకుని లారీ నడిపాడు.

మే 6

పుస్తకం వెతికాను. చెమట ఆగిపోవడం గురించి ఒక పేరా ఉంది. ముందే చదివి ఉండాల్సింది కాదా అంటే, ఆ పేజీ వేరే అధ్యాయంలో ఉంది.

మే 15

పత్రిక వచ్చింది. మొదటి పేజీ నాదే: "కరువుపై పోరులో కార్మిక వీరుని ఆత్మార్పణ." వాడు కార్మికుడు కాదు, గొర్రెలకాపరి; ఆ మాటకు బరువు చాలలేదు. నీళ్ల సంగతి రాయలేదు. స్థలం చాలలేదు.

శవం పడుకున్న గింజలు మైల అని జనం ముట్టరేమోనని కమిటీ భయపడింది. నేను మైల మీద ఒక ఉపన్యాసం సిద్ధం చేసుకున్నాను. అవసరం పడలేదు. గిన్నెలతో వచ్చారు. గంజి పోయించుకుని, గిన్నె కళ్లకద్దుకుని తాగారు. నేను చేసిన ఉపన్యాసాలన్నీ ఆ గిన్నెల్లో మునిగిపోయాయి.

గోపమ్మ కూడా వచ్చింది. ఆమె గిన్నె ఖాళీగా పోలేదు.

జూన్ 12

నిన్న వాన. మొదటి వాన. ఇక చెప్పాలా? "బీరన్న దెచ్చిండు" అని ఊరంతా. రుతుపవనాల గురించి చావడిలో గంటసేపు చెప్పాను. ఒకడు అన్నాడు: "అయితే అయింది గని ఐలేశం పంతులూ, గా గాలిని గూడ ఆయిననే తోలుకొచ్చిండేమో, గొర్లను తోల్నట్టు." విరగబడి నవ్వారు. నేను కూడా, ఎందుకో, నవ్వాను.

వాడిని బొందపెట్టిన చోట కురుమలు రాయి పాతారు. రాయికి సైకిలు చక్రం ఆనించి ఉంది. మొక్కుకున్నవాళ్లు పొద్దంతా ఉండి, పొద్దుగూకాక ఆ రాయి మీద నీళ్లు పోసి ఒక్కపొద్దు విడుస్తున్నారట. నా శిక్షణ నియమం ఇప్పుడొక వ్రతం. దీని మీద రాయాలి. నిప్పులు కురిపించాలి.

జూన్ 14

రాయలేకపోయాను. కలం బాగా లేదు.

జూన్ 20

రాసే ముందు స్వయంగా చూడాలి కదా. అందుకే పోయాను, వేరే కారణం లేదు. మిట్టమధ్యాహ్నం పోయాను, ఎవరూ ఉండరని.

గోపమ్మ ఉంది. ఒక్కతే. చెంబుతో రాయి మీద కొంచెం కొంచెంగా పోస్తోంది, పసిపిల్లలకు పట్టినట్టు.

"అందరు మాపటీలి పోస్తరు," అంది. "నాకు గట్ల మనసొప్పది పంతులూ. దూప పగటీలే అయితది గద."

నేను ఏదో అన్నాను. ఎండ ఎక్కువగా ఉందనో, ఏదో.

"ఒకటడుగుత. నిజం జెప్పు. పోయేటప్పుడు నీళ్లడిగిండా?"

"లేదు గోపమ్మా. అడగలేదు."

ఆమె తల ఊపింది. ఆ తల ఊపడంలో తృప్తి ఉంది. దాన్ని నేను చూడకుండా ఉంటే బాగుండేది.

"గందుకే. వాని తీరు గంతే. దూపయితే దూపయితాందని నోరిడిసి చెప్పడు. చిన్నప్పటి సంది గట్లనే." చెంబు నా చేతికిచ్చింది. "నువ్వు గూడ నీళ్లు పొయ్యి. నీ మాటంటె వానికి పాణం. పంతులు చెప్పిండు, పంతులు చెప్పిండని ఒక్కటే తీరు."

నేను మొక్కడానికి పోలేదు. ఇది స్పష్టంగా రాసి ఉంచుతున్నాను. చెప్పులు విడవలేదు, చేతులు జోడించలేదు. రాయి రాయే. కింద ఉన్నది వినలేదు. వినడానికి చెవి ఉండాలి, చెవికి నెత్తురు ఉండాలి. ఇదంతా నాకు తెలుసు. చెంబు చేతిలో ఉంది, రాయి కాలుతోంది, ఆమె చూస్తోంది. వంగాను. నీళ్లు పోస్తుంటే నా నోటి నుంచే వచ్చింది, మెల్లగా అన్నాననే అనుకున్నాను:

"ఒట్టు గట్టు మీద పెట్టిన బీరన్నా. తాగు."

గోపమ్మ రాయి తుడుస్తున్న చెయ్యి ఆపింది.

"ఏం ఒట్టు పంతులూ?"